ఆ పలక ఏ బ్లాకుది?

అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉంది. కింద ఒక అంతస్తు, పైన రెండు. కట్టినప్పుడే ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) గోల్డ్ రేటింగు తెచ్చుకుంది. రిసెప్షన్ గోడకి బిగించిన పలక తళతళలాడుతూనే ఉంది. ఇప్పుడు మంచాలు చాలడం లేదు. వెనక తోటలో మూడంతస్తుల కొత్త బ్లాకు లేపి, పాతదానికీ దానికీ మధ్య వరండా కలుపుదామని డాక్టరు గారి ఆలోచన. ఆయన అడిగిన ప్రశ్న చిన్నదే: "మనకి సర్టిఫికెట్టు ఉందిగా, కొత్తదానికీ అదే సరిపోతుందా?"

జవాబు చెప్పాల్సిన ఇద్దరూ ఒకే కుటుంబం వాళ్ళు. మావయ్యది కొత్తపేట. ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. పాత బ్లాకు పునాదుల లెక్కలు ఆయనవే. మేనకోడలు హైదరాబాదులో గ్రీన్ బిల్డింగ్ కన్సల్టెంటు. కొత్తపేట ఇంటి అరుగు మీద డ్రాయింగులు పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు కొబ్బరి డొక్కలు పెట్టుకుని కూర్చున్నారు. పక్కన కూర్చుని విన్నవాణ్ణి నేను.

మావయ్య: డాక్టరు గారికి ఏం చెప్పావమ్మాయ్?

మేనకోడలు: సరిపోదని చెప్పాను. రేటింగు ఇచ్చింది అప్పటి డ్రాయింగులకి, అప్పటి విస్తీర్ణానికి. కొత్త బ్లాకుని విడిగా రిజిస్టరు చేయించుకోవాలి, లేదంటే పాతదీ కొత్తదీ కలిపి ఒకే ప్రాజెక్టుగా వెళ్ళాలి. రెండూ వివరించి, విడిగా వెళ్ళడమే సుఖం అన్నాను.

మావయ్య: సరిపోదన్నావు, అక్కడిదాకా బానే ఉంది. లారీకి బాడీ పెంచి పాత ఫిట్‌నెస్ కాగితం చూపిస్తే ఎవడొప్పుకుంటాడు? ఆ "విడిగా" అన్నావు చూడు, అదే నాకు మింగుడు పడలేదు.

మేనకోడలు: ఎందుకండీ? అందరూ చేసేది అదేగా. పాతది పాతదే, కొత్తది కొత్తదే.

మావయ్య: శంషాబాద్ విమానాశ్రయం చూడు. 2008 మార్చిలో మొదలైనప్పుడు టెర్మినల్‌కి అమెరికా వాళ్ళ గ్రీన్ రేటింగు లీడ్‌లో సిల్వర్ వచ్చింది, గొప్పగా చెప్పుకున్నారు, తప్పు లేదు. అది ఏడాదికి కోటీ ఇరవై లక్షల మంది కోసం కట్టింది. 2018-19కే రెండు కోట్లు దాటారు. తర్వాత అదే టెర్మినల్‌ని రెండు వైపులా సాగదీసి, మూడు కోట్ల నలభై లక్షల మందికి సరిపడేలా చేశారు. వేరే టెర్మినల్ కట్టలేదు, ఉన్నదాన్నే పెంచారు. ఇప్పుడు లోపలికి వెళ్ళే మనిషి ఏ స్తంభం దగ్గర పాతది ఆగిందో, ఎక్కడ కొత్తది మొదలైందో చెప్పగలడా? 2008 నాటి సిల్వర్ ఆ నాటి కట్టడానిది. ఆ కట్టడం ఇప్పుడు అదే రూపంలో లేదు.

మేనకోడలు: నేనన్నదీ అదే కదా మావయ్యా. పాత పలక కొత్త చదరపు అడుగులకి చెల్లదు.

మావయ్య: కాదు. పాత పలక పాత చదరపు అడుగులకి కూడా చెల్లదంటున్నాను నేను.

ఈ మాట దగ్గర ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. ఆయన మీసంలో నవ్వుకున్నారు. ముప్పై ఏళ్ళు బిల్లులు కోసిన ఇంజనీరు నవ్వది.

మేనకోడలు: అదెలా? పాత బ్లాకులో ఒక్క ఇటుక కదపడం లేదు మనం.

మావయ్య: ఇదిగో, ఈ డ్రాయింగు చూడు. రోడ్డు ఉత్తరాన ఉంది, కాబట్టి ముఖం ఉత్తరం. వెనక తోట దక్షిణం. మొదటి అంతస్తులో జనరల్ వార్డు, ఎనిమిది మంచాలు, ఎనిమిది దక్షిణపు కిటికీలు. సాయంత్రం నాలుగింటికి అక్కడ నిలబడితే సముద్రం వైపు నుంచి గాలి వస్తుంది. నర్సులు ఫ్యాను కట్టేసి కూర్చోవడం నేను చూశాను. నువ్వు చూపిస్తున్న కొత్త బ్లాకు సరిగ్గా ఆ కిటికీల ఎదురుగా ఇరవై అడుగుల్లో వస్తోంది. నలభై అడుగుల ఎత్తు. గాలి ఆ గోడని కొట్టుకుని పైకి లేచి, పాత బ్లాకు మీద నుంచి దాటిపోతుంది. ఎత్తుకి ఎన్నో రెట్ల దూరం దాకా ఆ అడ్డం పనిచేస్తుంది. ఇరవై అడుగుల సందు ఏం మూల? రెండు అంతస్తుల దగ్గరయితే వరండా కలిపేశారు కాబట్టి ఆ కిటికీలు వరండాలోకి తెరుచుకుంటాయి. అంటే పాత వార్డుకి ఏసీ పెట్టాలి. ఏసీ పెడితే పాత బ్లాకు కరెంటు బిల్లు పెరుగుతుంది. గోల్డ్ తెచ్చిన గాలీ వెలుతురూ రెండూ పోయాయి. ఇటుక కదపలేదన్నావు. నిజమే, ఇటుక కదపకుండానే చెడిపోయింది.

మేనకోడలు: ...

మావయ్య: ఇంకోటి. ఈ తోట. ఖాళీ స్థలం, చెట్లు అని చెప్పి దీన్ని పాత బ్లాకు లెక్కలో చూపించలేదూ?

మేనకోడలు: చూపించే ఉంటారు.

మావయ్య: మరి అదే నేల మీద కొత్త బ్లాకు లేపితే, ఆ లెక్క ఏమవుతుంది?

మేనకోడలు: లీడ్‌లో దీనికి నియమం ఉంది. క్యాంపస్‌గా నమోదు చేయించుకుంటే తప్ప, ఒకే నేల ముక్కని రెండు ప్రాజెక్టులకి చూపించకూడదు. సరిహద్దు గీత గీసి, ఈ భాగం దీనిది, ఆ భాగం దానిది అని తేల్చాలి.

మావయ్య: అలా గీస్తే కొత్తదాని లెక్క సరిపోతుంది. పాతదాని లెక్క ఎవరు దిద్దుతారు?

మేనకోడలు: లీడ్ అయితే ఎవరూ దిద్దరు. కొత్త కట్టడాల కింద ఇచ్చినదానికి గడువు లేదు. ఇచ్చిన రోజున ఉన్నదానికి ఇచ్చినట్టు, అంతే. మన దేశపు 'గృహ' (GRIHA) రేటింగయితే ఐదేళ్ళకి మళ్ళీ చూపించుకోవాలి. నడుస్తున్న కట్టడాలకి లీడ్‌లోనే వేరే పద్ధతి ఉంది, అక్కడ ఇప్పుడు మూడేళ్ళకోసారి. పన్నెండు నెలల అసలు కరెంటు, నీళ్ళు, చెత్త లెక్కలు పెట్టాలి, లోపలి గాలీ మనుషుల సౌకర్యమూ కొలిచి చూపించాలి. డ్రాయింగులు చూపించి తప్పించుకోలేరు.

మావయ్య: ఆయ్, అలా ఉండాలి.

మేనకోడలు: ఆగండి మావయ్యా, సంతోషపడకండి. మీరు చెప్పేది న్యాయంగా వినపడుతుంది, ఆచరణలో మనిషిని పారిపోయేలా చేస్తుంది. డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, "కొత్త బ్లాకు కట్టాలంటే పాత బ్లాకు ఏసీలు మార్చండి, పాత పంపులు మార్చండి, మీటర్లు విడగొట్టండి, ఏడాది బిల్లులు తెండి" అంటే ఏమవుతుంది? ఆయన "అసలు రేటింగే వద్దు" అంటారు. మామూలు ఇటుక, మామూలు అద్దం, దొరికిన ఏసీ పెట్టేస్తారు. విడిగా వెళ్దామంటే కనీసం కొత్త బ్లాకన్నా సరిగా వస్తుంది. సగం మేలు దొరుకుతుంటే పూర్తి మేలు కోసం పట్టుపట్టి రెండూ పోగొట్టుకోవడం ఏం తెలివి?

మావయ్య: సగం మేలూ, సగం కీడూ అయితే? కొత్తదానిలో ఆదా చేసిన యూనిట్లు పాత వార్డు ఏసీ తినేస్తే?

మేనకోడలు: తినేస్తుందో లేదో లెక్క వేద్దాం. ఊరికే అనుకోవద్దు. అన్నట్టు, మనం రేటింగు దగ్గరే కొట్టుకుంటున్నాం. చట్టం సంగతి ఉంది. ఈసీబీసీ, అంటే కట్టడాల్లో ఇంధన పొదుపు నియమావళి, రేటింగు కాదు, కోడు. 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు గానీ 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండు గానీ ఉంటే వర్తిస్తుంది. ఆపరేషన్ థియేటరు, ఐసీయూ, స్కానింగు ఉన్న ఆసుపత్రి అది దాటకుండా ఉంటుందా? పెంచే కట్టడాల గురించి అందులో స్పష్టంగా రాశారు. పాతదీ కొత్తదీ కలిపి ఆ హద్దు దాటితే, కొత్తగా కట్టే భాగం కోడుకి లోబడాలి. ఎలా చూపించాలన్నది మన ఇష్టం: కొత్త భాగం ఒక్కదాన్నే చూపించవచ్చు, పాతదానితో కలిపి మొత్తం ఒకే కట్టడంగా చూపించవచ్చు. పాత ఏసీ యంత్రాలతోనే కొత్త గదులు చల్లబరిస్తే ఆ పాత యంత్రాలు మార్చనక్కర్లేదు, కొత్తగా కొన్నది మాత్రం కోడు ప్రకారం ఉండాలి. చూశారా, చట్టమే విడిగా వెళ్ళడానికి దారి ఇచ్చింది.

మావయ్య: చట్టం కనీసం ఎంతో చెప్తుంది. పలక అంతకన్నా గొప్ప అని చెప్పుకోవడానికి. కనీసానికి ఇచ్చిన వెసులుబాటు గొప్పకి కూడా కావాలంటే ఎలా?

నాకు ఈ మాట నచ్చింది. కానీ ఆ అమ్మాయి కూడా అంత తేలిగ్గా వదిలే రకం కాదు.

మేనకోడలు: సరే, గొప్ప సంగతే మాట్లాడదాం. హైదరాబాదులో సీఐఐ-గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ తెలుసుగా. 2004 జూలై 14న రాష్ట్రపతి కలాం గారు ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం తెచ్చుకున్న మొదటి కట్టడం. మొత్తం 20 వేల చదరపు అడుగులు, అంతే. ఆ చిన్న కట్టడం చూసి మన దేశంలో ఎంతమంది ఆర్కిటెక్టులు నేర్చుకున్నారు! ఫ్లై యాష్ ఇటుక, పైకప్పు మీద పచ్చిక, మురుగునీటిని మొక్కల వేళ్ళతో శుభ్రం చేయడం, నడిమధ్య గుండ్రటి ముంగిలి. ఒక కట్టడానికి, దాని హద్దుల్లో, దానికి రేటింగు ఇచ్చారు. చుట్టుపక్కల మాదాపూర్ ఏమైందని ఆ పలకని నిలదీస్తామా?

మావయ్య: చుట్టుపక్కల సంగతి నేననలేదే. ఒకే యజమాని, ఒకే ప్రహరీ, ఒకే ట్రాన్స్‌ఫార్మరు, ఒకే ట్యాంకు, మురుగునీటికి ఒకే ఎస్టీపీ. వరండా కలిపేశావు. రోగి పాత బ్లాకులో రక్తం ఇచ్చి కొత్త బ్లాకులో స్కానింగు చేయించుకుంటాడు. దీన్ని రెండు కట్టడాలు అనడం కాగితం మీద గీత తప్ప ఇంకేం లేదు.

మేనకోడలు: గీతకి విలువ లేదంటారా? పోచారంలో ఇన్ఫోసిస్ వాళ్ళు 2011లో ఒకే భవనాన్ని మధ్యకి గీత గీసి రెండు సగాలు చేశారు. ఒక సగంలో మంచి రకం మామూలు ఏసీ. రెండో సగంలో స్లాబులోనే పైపులు వేసి చన్నీళ్ళు తిప్పారు. రెండింటికీ వేరే మీటర్లు. రెండో సగం సుమారు మూడో వంతు తక్కువ కరెంటు తాగిందని తేలింది. గీత గీసి, మీటరు పెట్టబట్టే తెలిసింది. కలిపి కొలిస్తే ఎవరి గొప్ప ఎంతో, ఎవరి లోటు ఎంతో ఎలా తెలుస్తుంది?

మావయ్య: ఇది మంచి మాట. మీటర్లు రెండు పెట్టు, నాకు అభ్యంతరం లేదు. కొలిచేటప్పుడు విడివిడిగా కొలువు, చెప్పుకునేటప్పుడు కలిపి చెప్పు. మీ పద్ధతి తిరగబడింది: కొలిచేది కలిపి ఒకే బిల్లు, చెప్పుకునేది విడిగా రెండు పలకలు.

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. మావయ్య లోపలికి వెళ్ళి టేపు తెచ్చారు. డ్రాయింగు మీద అవసరం లేకపోయినా చేతిలో టేపు ఉండాలి ఆయనకి. వచ్చి కూర్చుంటూనే వేరే దారి పట్టారు. ఇది కోనసీమ వాదనల్లో మామూలే: ఒకచోట సమాధానం దొరికితే ఇంకోచోట కాలవ తెగుతుంది.

మావయ్య: అసలు మీ లెక్కలు ఈ నేలకి పనికొస్తాయా అన్నది నా అనుమానం. పాత బ్లాకు కట్టినప్పుడు ఇంకుడు గుంత తవ్వించారు. పది అడుగుల లోతు, అడుగున బండరాళ్ళు, పైన కంకర, ఆ పైన ఇసుక. ఫోటో తీసి పంపారు. ఆగస్టులో వెళ్ళి చూశాను. నీళ్ళు నిండుగా ఉన్నాయి, కప్పలు ఈదుతున్నాయి. వాననీరు ఇంకలేదు, కింద నుంచి ఊట పైకి వచ్చింది! ఇక్కడ వానాకాలంలో గడ్డపారతో నాలుగు పోట్లు పొడిస్తే నీళ్ళు. ఎక్కడికి ఇంకుతుంది? ఇంకుడు గుంత అనంతపురానికి. మనకి కాదు.

మేనకోడలు: అది రేటింగు తప్పు కాదు మావయ్యా, నింపినవాళ్ళ బద్ధకం. నీటిమట్టం పైనే ఉన్నచోట గుంత తవ్వక్కర్లేదు, తొట్టి కట్టి పట్టుకోవచ్చు. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద ఏడాదికి 90 వేల లీటర్లకు పైనే పడుతుంది. సముద్రం వైపు ఊళ్ళల్లో కింద ఉప్పునీళ్ళు, పైన పలచటి మంచినీటి పొర. అక్కడ బోరు ఆపి స్లాబు నీళ్ళు వాడితే ఎంత మేలో మీకు నేను చెప్పాలా? ఎవరో హైదరాబాదులో నింపిన ఫారాన్ని తీసుకొచ్చి ఇక్కడ అతికించారు. అది చేసింది మా వాళ్ళే, ఒప్పుకుంటాను. కొత్త బ్లాకుకి తొట్టి రాశాను, చూడండి, మెట్ల కింద.

మావయ్య: తొట్టి రాశావా? బాగుంది. మరి ఆ సీఐఐ కట్టడంలో గాలి గోపురాలు ఉన్నాయే, వాటి పైన నీళ్ళు చల్లి గాలిని చల్లబరుస్తారు. అలాంటివి ఇక్కడ...

మేనకోడలు: పెట్టం. హైదరాబాదు ఎండ పొడి ఎండ, అక్కడ నీళ్ళు ఆవిరై చల్లబడుతుంది. ఇక్కడ గాలిలోనే నీళ్ళున్నాయి. పోచారం పైపుల స్లాబు కూడా ఇక్కడ జాగ్రత్తగా చేయకపోతే సీలింగు నుంచి చుక్కలు కారతాయి. అంత అమాయకురాలిని కాను.

మావయ్య: అమాయకురాలివి అనలేదు. 1996 నవంబరు 6 నీకు తెలియదు, చిన్నపిల్లవి. ఆ రాత్రి తుఫానుకి ఎన్ని పెంకుటిళ్ళు కూలాయో, కొబ్బరి తోటలు మొదలంటా ఎలా పడ్డాయో చూసినవాణ్ణి. 1986 ఆగస్టు వరదా చూశాను. మీ పాయింట్లలో పీఠం ఎంత ఎత్తుండాలి, జనరేటరు నీళ్ళలో మునగకుండా ఎక్కడ పెట్టాలి అన్నవాటికి ఎన్ని పాయింట్లు? సైకిల్ స్టాండుకి పాయింటు ఉంది. కరెంటు లేని మూడు రోజులు ఐసీయూ నడిచిందా అన్నదానికి?

మేనకోడలు: రేటింగు అన్నీ చూడదు. పీఠం సంగతి మీరు చూస్తారు, అందుకే మిమ్మల్ని అడిగాను. కానీ సైకిల్ స్టాండుని ఎగతాళి చేయకండి, ఆయాలు, వార్డుబాయిలు సగంమంది సైకిళ్ళ మీదే వస్తారు.

మావయ్య: (నవ్వి) అదీ నిజమే.

మేనకోడలు: ఇక మీరు మండువా లోగిలి గురించి మొదలుపెడతారు. అదీ చెప్పేయండి.

మావయ్య: ఎందుకు చెప్పకూడదు? నడిమధ్య ఆకాశం, చుట్టూ వసారా, వానొస్తే నీళ్ళన్నీ మధ్యలోకి, వేడి పైకి. దానికి ఎవడిచ్చాడు పలక?

మేనకోడలు: ఎవడూ ఇవ్వలేదు, ఇవ్వక్కర్లేదు కూడా. ఆ ఇంట్లో పదిమంది ఉండేవారు. ఆపరేషన్ థియేటరు లేదు. థియేటరులో గంటకి కనీసం ఇరవై సార్లు గాలి మారాలి, వడపోసి మారాలి. మండువాలోంచి వచ్చే గాలితో పొట్ట కోయలేం కదా. వార్డుకి మండువా బుద్ధి పనికొస్తుంది, థియేటరుకి పనికిరాదు. రెండూ ఒకే కట్టడంలో ఉండటమే ఆసుపత్రి కష్టం.

మావయ్య: వార్డుకి పనికొస్తుందన్నావుగా. మరి వార్డు కిటికీల ముందు గోడ ఎందుకు లేపావు?

తిరిగి తిరిగి అక్కడికే వచ్చారు. నిజానికి ఈ మధ్యాహ్నమంతా వాళ్ళ వాదన ఆ ఎనిమిది కిటికీల చుట్టూనే ఉంది.

మేనకోడలు: మీరే చెప్పండి, ఎక్కడ కట్టాలి? పాతదాని మీదే ఇంకో రెండు అంతస్తులు వేద్దామా? నేల మిగులుతుంది, తోట మిగులుతుంది.

మావయ్య: వద్దు. పునాదులు నేనే వేశాను. మరో ఒక్క అంతస్తు బరువు లెక్కలో పెట్టాను, రెండు కాదు. ఇది రేగడి. ఎండాకాలం పగుళ్ళలో చెయ్యి పడుతుంది, వానాకాలం ఉబ్బుతుంది. నేల వేడుకుంటే వినదు.

మేనకోడలు: ఆనించి కడితే?

మావయ్య: ఆనించి అసలే వద్దు. పాతది దిగాల్సినంత దిగి కూర్చుంది. కొత్తది ఇప్పుడు మొదలుపెట్టి దిగుతుంది. రెండింటినీ బిగిస్తే మధ్యలో గోడ చీలుతుంది. జాయింటు వదలాలి, పునాదులు విడిగా ఉండాలి, వరండా ఒకవైపు జారేలా కూర్చోబెట్టాలి. (డ్రాయింగు తిప్పి) ఇదిగో, ఇక్కడ కట్టు. పడమర.

మేనకోడలు: పార్కింగు స్థలంలోనా?

మావయ్య: అక్కడే. పాత బ్లాకు పడమటి గోడ చూశావా ఎప్పుడైనా, మే నెలలో? రాత్రి ఎనిమిదింటికి కూడా చెయ్యి ఆనించలేం. ఆ గోడ వెనక ల్యాబు, ఫార్మసీ. వాళ్ళ ఏసీ పొద్దున్నుంచీ ఆగదు. కొత్త బ్లాకు పడమర లేపితే మధ్యాహ్నం ఎండ ఆ గోడకి తగలదు. పాతదాని ఏసీ భారం తగ్గుతుంది. దక్షిణపు గాలి పాత వార్డుకీ వస్తుంది, కొత్త వార్డుకీ వస్తుంది. నైరుతి నుంచి వచ్చే వానగాలికి కొంత అడ్డుపడుతుంది, పడనీ. తోట అలాగే ఉంటుంది, దాని లెక్క చెడదు.

మేనకోడలు చాలాసేపు ఆ కాగితం చూసింది. పెన్సిలుతో నీడ గీత గీసింది, చెరిపింది, మళ్ళీ గీసింది.

మేనకోడలు: కొత్త బ్లాకు పడమటి గోడకి ఎండ తగులుతుంది మరి.

మావయ్య: అటు మెట్లు, లిఫ్టు, స్టోరు, బాత్రూములు పెట్టు. మనుషులు పడుకునే గదులు పెట్టకు. కొత్త గోడ కాబట్టి మందంగా, కిటికీ లేకుండా, పైన నీడగా కట్టుకోవచ్చు. పాతదానికి ఆ అవకాశం లేదు.

మేనకోడలు: మావయ్యా, ఇందులో ఒక తమాషా ఉంది. మీరు చెప్పినట్టు కట్టి, నేను చెప్పినట్టు విడిగా రిజిస్టరు చేస్తే, పాత బ్లాకుకి జరిగిన మేలు ఎక్కడా కనపడదు. పాత బ్లాకు ఆ లెక్కలోనే ఉండదు. అలాగే మొదటి డ్రాయింగు ప్రకారం తోటలో కట్టి విడిగా వెళ్తే, పాత బ్లాకుకి జరిగిన చెడూ కనపడదు. రెండింటికీ ఒకటే గోల్డ్ వస్తుంది.

మావయ్య: నేను ఇందాకటి నుంచీ మొత్తుకుంటున్నది అదేగా!

మేనకోడలు: మీరు మొత్తుకున్నది చెడు గురించి. నేను చెప్తున్నది మేలు గురించి. రెండూ ఒకటి కాదు. చెడు గురించి చెప్తే డాక్టరు గారు భయపడతారు. "కలిపి వెళ్తే పాతదానిలో తగ్గిన కరెంటు కూడా మీ ఖాతాలో పడుతుంది" అంటే వింటారు.

మావయ్య: అంటే కలిపి వెళ్దామంటావా ఇప్పుడు?

మేనకోడలు: అనలేదు. కలిపి వెళ్తే పాత ఏసీలు, పాత పంపులు, పాత బల్బులు అన్నీ లెక్కలోకి వస్తాయి. అవి లాగేసే పాయింట్లు నీడ ఇచ్చే పాయింట్ల కన్నా ఎక్కువుంటే గోల్డ్ పోయి సిల్వర్‌కి దిగొచ్చు. గోడకి గోల్డ్ ఉన్న మనిషికి సిల్వర్ తెచ్చిపెడితే నన్ను గుమ్మం ఎక్కనివ్వరు. కొత్త బ్లాకుని ఆసుపత్రుల రేటింగు కింద విడిగా పంపుదాం. ఏడాది నడిచాక, రెండు మీటర్ల బిల్లులూ చేతికొచ్చాక, మొత్తం ఆసుపత్రిని నడుస్తున్న కట్టడాల రేటింగుకి పెడదాం. అప్పుడు మీరన్న నిజం బిల్లులే చెప్తాయి.

మావయ్య: ఏడాది తర్వాత ఎవడు పెడతాడమ్మా? కట్టేటప్పుడు ఉన్న ఉత్సాహం రిబ్బను కోసిన రోజుతో సరి. అందరూ తర్వాత పెడతామనే అంటారు.

మేనకోడలు: కాంట్రాక్టులో రాయిస్తాను.

మావయ్య: రాయించు. రాయించినా పెట్టరు. సరే, పార్కింగు ఎక్కడికి పోతుంది?

మేనకోడలు: తోటలోకి. సందులున్న రాళ్ళు పరిచి, మధ్యలో గడ్డి వదిలి, చెట్ల నీడలో.

మావయ్య: కొబ్బరి చెట్ల కింద కార్లా? కాయ పడి అద్దం పగిలితే ఎవరు కట్టిస్తారు? దింపు తీసే రోజున కార్లన్నీ రోడ్డు మీద పెట్టుకుంటారా?

మేనకోడలు: (తల పట్టుకుని) ...చెట్ల వరసకి అటువైపు ప్రహరీ పక్కన పెడదాం. పదిహేను అడుగులుంది.

మావయ్య: పద్నాలుగు. నేను కొలిచాను. బళ్ళు ఏటవాలుగా పెడితే పడతాయి. ఒప్పుకున్నాను. కానీ నాది ఒక షరతు ఉంది. పలక.

మేనకోడలు: మళ్ళీ పలకా?

మావయ్య: పాత పలక తీయనక్కర్లేదు. దాని కింద ఇంకో వరస చెక్కించాలి: ఏ సంవత్సరం, ఏ బ్లాకు, ఎన్ని చదరపు అడుగులకి ఇచ్చారో. కొత్త పలక వస్తే దాని మీదా అంతే. రెండూ పక్కపక్కన. రోగి తాలూకు మనిషి కుర్చీలో కూర్చుని చదివేంత పెద్ద అక్షరాలు.

మేనకోడలు: డాక్టరు గారు ఒప్పుకోరు. ఆయనకి ఒక్క పలక, "గోల్డ్" అన్న ఒక్క మాట ఉంటే చాలు.

మావయ్య: ఒప్పుకోకపోతే పునాది డ్రాయింగు మీద నా సంతకం ఉండదు. ఆ మాట నువ్వు చెప్పకు, నేనే చెప్తాను. రేపు పది గంటలకి రమ్మను. వచ్చేటప్పుడు పాత కరెంటు బిల్లులు, రెండేళ్ళవి, తీసుకురమ్మని చెప్పు.

మేనకోడలు: మూడేళ్ళవి అడుగుతాను.